17 రోజులు, 13 సెకన్లు: ఒక పాట కథ సరిచేసిన కేసు

నేను ఆడియో ఎడిటర్‌ని. పాడ్‌కాస్టులు, ఆడియో డాక్యుమెంటరీలు కోసి అతకడం నా పని. స్క్రిప్టులో రాసింది నిజమో కాదో చూసిపెట్టే పని కూడా ఎప్పుడో నెత్తిన పడింది, ఇంక దిగలేదు. ఈ కేసు రాయాలని ఎందుకనిపించిందంటే, ఇందులో తప్పు ఎవరూ కావాలని చెయ్యలేదు. అందరూ చెప్పే కథే మేమూ చెప్పబోయాం, ఆ కథ వినడానికి చాలా బాగుంటుంది కూడా, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. క్లయింటు పేరు, ప్రోగ్రాం పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలూ తీసేశాను.

నేపథ్యం

క్లయింటు పాతికేళ్లు దాటిన కుర్రాడు. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఎంఎస్ చేసి, అక్కడే ఉద్యోగం. వీకెండ్స్‌లో బట్టల అల్మారాలో మైకు పెట్టుకుని, వేలాడే చొక్కాల మధ్య దూరి, తెలుగులో పాటల వెనక కథలు చెబుతుంటాడు. నవ్వకండి, అద్దె ఇంట్లో అంతకంటే మంచి రికార్డింగ్ రూమ్ దొరకదు. ఈసారి అతను ఎంచుకున్న పాట పేరు కూడా 'ఒహాయో'నే. క్రాస్బీ, స్టిల్స్, నాష్ అండ్ యంగ్ బ్యాండ్ 1970లో చేసిన రాక్ నిరసన పాట, రాసింది నీల్ యంగ్. తను రోజూ కారులో వెళ్లే రాష్ట్రం పేరు ఒక పాటలో అంత కోపంగా ఎందుకు వినిపిస్తోందన్నదే అతని ప్రశ్న. మంచి ప్రశ్నే.

సంగతి తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1970 ఏప్రిల్ 30న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ టీవీలోకి వచ్చి, సైన్యాన్ని వియత్నాం నుంచి కంబోడియాలోకి కూడా పంపుతున్నానని చెప్పాడు. యుద్ధం తగ్గుతుందనుకుంటున్న కాలేజీలు భగ్గుమన్నాయి. ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో మే 2 రాత్రి సైనిక శిక్షణ విభాగం వాడే భవనం తగలబడింది, నేషనల్ గార్డ్, అంటే రాష్ట్ర గవర్నరు పిలిస్తే వచ్చే సైనిక దళం, దిగింది. మే 4, సోమవారం మధ్యాహ్నం గార్డులు 13 సెకన్లలో 67 రౌండ్లు కాల్చారు. నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్లలో ఇద్దరు అసలు నిరసనలోనే లేరు, ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకి నడిచి వెళ్తున్నారు.

ఎక్కడ తేడా కొట్టింది

మొదటి స్క్రిప్టు 22 నిమిషాలకి వచ్చింది. అందులో కథ ఇలా నడిచేది: కాల్పులు జరిగాయి, నీల్ యంగ్ పత్రికలో ఫోటో చూశాడు, గిటార్ పట్టుకున్నాడు, కాసేపట్లో పాట అయిపోయింది, ఆ రాత్రే స్టూడియో, మర్నాడే రేడియో. నాకూ నచ్చింది. నేపథ్యంలో ఎక్కడ ఆపాలి, ఎక్కడ ఊపిరి వదలాలి అన్న ఆలోచనలో పడి తేదీలు చూడలేదు. అది నా తప్పు.

రఫ్ కట్, అంటే తుది మెరుగులు దిద్దని ఎపిసోడ్, ముగ్గురికి పంపే అలవాటు నాకు. ఆ ముగ్గురిలో ఒకాయన పెద్దవారు, ఆ రోజుల్లోనే అమెరికా వెళ్లి చదువుకున్నారు. ఆయన వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టారు. "బాబూ, చక్కగా చెప్పాడు అబ్బాయి. ఒక్కటే అర్థం కాలేదు. లైఫ్ పత్రిక వారానికొకసారి వచ్చేది కదా, అందులో ఫోటోలు చూసి రాశాడంటున్నారు, మరి కాల్పులయిన మర్నాడే రేడియోలో ఎలా వచ్చిందయ్యా? నేనైతే వేసవి సెలవుల్లో విన్నట్టు గుర్తు."

అంతే. ఒక్క ప్రశ్నకి 22 నిమిషాలు కూలబడ్డాయి.

చేసి చూసినవి, కుదరనివి

మొదట అందరూ చేసే పనే చేశాం, ఇంకా ఎక్కువ ఇంటర్వ్యూలు చదివాం. పాడినవాళ్లే చెబుతుంటే అంతకంటే సాక్ష్యం ఏముంటుంది అనుకున్నాం. మూలకథలో వాళ్లందరూ ఒకటే చెబుతారు: నీల్ యంగ్, డేవిడ్ క్రాస్బీ ఒకచోట ఉన్నారు, క్రాస్బీ పత్రిక చేతికిచ్చాడు, యంగ్ అప్పటికప్పుడే పాట రాశాడు, క్రాస్బీ గ్రాహం నాష్‌కి ఫోన్ చేసి స్టూడియో మాట్లాడమన్నాడు. రోజుల లెక్క దగ్గరికి వచ్చేసరికి ఒక కథనానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఇంకో పది ఇంటర్వ్యూలు చదివితే తేలేది కాదు, ఇంకా చిక్కుపడేది. జ్ఞాపకాన్ని జ్ఞాపకంతో సరిచూస్తే దొరికేది మళ్లీ జ్ఞాపకమే.

అయితే ఆ చదవడంలోనే ఒకటి పట్టుకున్నాం, అక్కడే కేసు తిరిగింది. 'మర్నాడే', 'ఆ రాత్రే' అన్న మాటలు దేని నుంచి లెక్క? పాట రాసిన రోజు నుంచా, కాల్పులు జరిగిన రోజు నుంచా? వాళ్లు చెబుతున్నది రాసిన రోజు నుంచి. తర్వాత చెప్పినవాళ్లు, మాతో సహా, ఆ మాటని తీసుకెళ్లి కాల్పుల రోజుకి తగిలించారు. అలా మధ్యలోని రెండు వారాలు మాయమైపోయాయి.

రెండోది, భయపడి అనుమానం ఉన్నదంతా తీసేశాం. స్క్రిప్టు 9 నిమిషాలకి పడిపోయింది. క్లయింటు చదివి, "అన్నా, ఇది పాట కథలా లేదు, పంచనామాలా ఉంది" అన్నాడు. కాదనలేకపోయాను. తప్పు లేకుండా చెయ్యడం, నిజం చెప్పడం ఒకటి కాదని అప్పుడు తెలిసొచ్చింది, కాస్త ఆలస్యంగా.

మూడోది క్లిప్పు గొడవ. పాట మొదలు కొంచెం వినిపించాలని అతని పట్టుదల. 30 సెకన్లలోపు వాడితే కాపీరైట్ సమస్య రాదని ఎవరో చెప్పారట. అలాంటి లెక్క ఏ చట్టంలోనూ లేదు, ఎన్ని సెకన్లయినా హక్కు హక్కే. విమర్శ, వ్యాఖ్యానం కోసం వాడుకునే మినహాయింపులున్నాయి గానీ అవి గడియారం చూసి నడవవు. ఈ మాట చెప్పాను కానీ గట్టిగా చెప్పలేదు, సరే టెస్ట్ అప్‌లోడ్ చేసి చూద్దాం అన్నాను. 22 సెకన్ల క్లిప్పు పెట్టాం, అప్‌లోడ్ చేసిన సైటు నిమిషాల్లో పట్టేసింది, ఎపిసోడ్ మొత్తం మ్యూట్. సరే, గిటార్ మనమే వాయించి పెడదాం అన్నాడు. రికార్డింగ్ హక్కు ఒకరిది, బాణీ హక్కు ఇంకొకరిది, నువ్వు వాయించినా బాణీ వాళ్లదే కదా తమ్ముడూ అన్నాను. ఆ రోజు ఫోన్ కొంచెం విసురుగా పెట్టేశాడు.

కుదిరింది

ఒక షీటు తీసుకుని మధ్యలో గీత గీశాం. ఎడమవైపు తేదీ వేసి ఉన్న కాగితం సంగతులు మాత్రమే. కుడివైపు ఎవరైనా గుర్తుతెచ్చుకుని చెప్పినవి. కుడివైపుది ఎడమవైపుకి దూకకూడదు, ఎంత ముచ్చటగా ఉన్నా సరే.

ఎడమవైపు నిలబడినవి ఇవి. ఏప్రిల్ 30 ప్రకటన. మే 4 కాల్పులు. లైఫ్ పత్రిక సంచిక మీద తేదీ మే 15. రికార్డింగ్ మే 21, లాస్ ఏంజెలిస్‌లో రికార్డ్ ప్లాంట్ అనే స్టూడియో, అందులో మూడో నంబర్ గది, ఇంజనీరు బిల్ హాల్వర్సన్. జూన్‌లో అట్లాంటిక్ కంపెనీ సింగిల్‌గా, అంటే ఆల్బంతో పని లేకుండా విడి రికార్డుగా, విడుదల. అమెరికాలో ఏ పాట ఎంత ఆడుతోందో వారంవారం చెప్పే చార్టు బిల్‌బోర్డ్ హాట్ 100లో ఎక్కిన ఎత్తు 14వ స్థానం.

పత్రిక తేదీ దగ్గర ఒక మెలిక ఉంది. వారపత్రికల కవర్ మీద వేసే తేదీ కంటే ముందే సంచిక కొట్లోకి వస్తుంది. మన వారపత్రికలూ అంతే కదా, వచ్చే వారం తేదీతో ఈ వారమే బస్టాండు స్టాల్లో వేలాడేవి. కాబట్టి మే 15న చూశాడని రాయకూడదు, ఆ తేదీ సంచిక చూశాడని రాయాలి. చాదస్తంలా ఉంటుంది గానీ ఇలాంటి చోటే మళ్లీ కొత్త పుకారు పుడుతుంది.

ఆ సంచిక కవర్ గురించి కూడా స్క్రిప్టులో తప్పే ఉంది. నేలమీద పడిపోయిన విద్యార్థి పక్కన మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచి ఏడుస్తున్న అమ్మాయి ఫోటో అందరికీ తెలుసు. తీసింది జాన్ ఫైలో, అక్కడి విద్యార్థే, పత్రికారంగంలో పెద్ద అవార్డు పులిట్జర్ వచ్చింది. ఆ అమ్మాయి ఆ యూనివర్సిటీ విద్యార్థిని కూడా కాదు, వయసు 14. లైఫ్ కవర్ మీద ఉన్నది ఆ ఫోటో అని మావాడు రాశాడు. కాదు, కవర్ మీదది హోవర్డ్ రఫ్నర్ అనే ఇంకో విద్యార్థి తీసింది, గాయపడి పడి ఉన్న ఒకతని చుట్టూ తోటివాళ్లు మూగిన ఫోటో. ఎక్కువ మందికి గుర్తున్న ఫోటో తక్కువ మందికి గుర్తున్న ఫోటోని తోసేసి దాని చోట్లో కూర్చుంది.

షీటు పూర్తయ్యాక మావాడి మొహం వాడిపోయింది. "మే 4 నుంచి 21 దాకా 17 రోజులన్నా. ఇంక ఇందులో స్పీడ్ ఏముంది?"

నాకు ఈ కేసులో నచ్చిన భాగం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. 17 రోజులు ఎక్కువా తక్కువా అన్నది ఆ బ్యాండ్ అలవాటు చూస్తేనే తెలుస్తుంది. అంతకుముందు మార్చిలో వాళ్ల ఆల్బం 'దేజా వూ' వచ్చింది. దానికి స్టూడియోలో దాదాపు 800 గంటలు పట్టిందని స్టీఫెన్ స్టిల్స్ లెక్క. నలుగురూ ఒక గదిలో కూర్చుని వాయించింది తక్కువ, ఎవరి ముక్క వాళ్లు విడిగా చేసుకున్నది ఎక్కువ. పైగా ఆ వసంతకాలంలోనే బాస్ వాయించే గ్రెగ్ రీవ్స్ పోయి కాల్విన్ శామ్యూల్స్ వచ్చాడు, డ్రమ్స్ మీద డాలస్ టేలర్ పోయి జానీ బార్బాటా వచ్చాడు. టూర్ మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. ఒక్క మాటలో చెప్పాలంటే ఇల్లు చెదిరి ఉంది. అలాంటి వాళ్లు, కొత్త డ్రమ్మర్‌తో, కొత్త బాస్‌తో, ఒకే గదిలో నిలబడి, కొన్ని టేకుల్లో పాట లైవ్‌గా వాయించి ముగించారు. అదే సెషన్‌లో రెండో వైపు పాట కూడా, స్టిల్స్ రాసిన 'ఫైండ్ ద కాస్ట్ ఆఫ్ ఫ్రీడమ్'. అంటే రికార్డుకి రెండు వైపులూ ఒకే సిట్టింగ్‌లో తయారు.

తొందర ఉందంటే ఇక్కడుంది. కాల్పులకీ పాటకీ మధ్య కాదు, పాటకీ టేపుకీ, టేపుకీ షాపుకీ మధ్య. ఇంకో సంగతి, అదే సమయంలో వాళ్ల ఇంకో సింగిల్ 'టీచ్ యువర్ చిల్డ్రన్' చార్టులో పైకి వెళ్తోంది, అది నాష్ రాసిన పాట. మన సినిమా హాల్లో హౌస్‌ఫుల్‌గా ఆడుతున్న బొమ్మకి పోటీగా అదే నిర్మాత ఇంకో బొమ్మ దించడం లాంటిది ఇది, వ్యాపారం తెలిసినవాడెవడూ చెయ్యడు. అయినా వదిలారు. నాష్ పాట 16 దగ్గర ఆగింది, ఇది 14 దాకా వెళ్లింది. ఈ రెండంకెలు పక్కపక్కన పెట్టాక మావాడు, "అన్నా, ఇది నా కథకంటే బాగుంది" అన్నాడు. బాగుండటం కాదు, నిలబడుతుంది అన్నాను.

చెవితో చేసిన పని

క్లిప్పు వాడలేం కాబట్టి మాటల్లో వినిపించాలి. దానికి ముందు మనం సరిగ్గా వినాలి. అతన్ని హెడ్‌ఫోన్స్ పెట్టుకోమని, పాటని పది సార్లు వినమని, ప్రతిసారీ ఒక్కటే వాద్యం వెంట నడవమని చెప్పాను. మొదట ఒక్క గిటార్, లావు తీగని మామూలు శ్రుతి కంటే కిందికి, డీ అనే స్వరానికి దించి పెట్టింది, అందుకే ఆ గుర్రు. ఇంకో గిటార్ వచ్చి దానికి అడ్డం తగులుతుంది, కలవదు, వాదిస్తుంది. డ్రమ్స్‌లో సైనికుల కవాతు నడక. మొదటి లైనులోనే నిక్సన్ పేరు. ఆ పేరు వల్లే కొన్ని ఏఎం స్టేషన్లు పాట వెయ్యలేదు, కుర్రాళ్లు వినే ఎఫ్ఎం స్టేషన్లు వేశాయి. చివర్లో పాట తగ్గిపోతుండగా వెనక క్రాస్బీ గొంతు, పాడటం కాదు అరవడం, ఎందుకని, ఇంకా ఎందరని.

టేకు అయ్యాక క్రాస్బీ ఏడ్చాడని నీల్ యంగ్ 1977లో తన 'డెకేడ్' ఆల్బం నోట్సులో రాశాడు. ఇది మా షీటులో కుడివైపు సంగతి, జ్ఞాపకం. మరి ఉంచాలా తియ్యాలా? ఉంచాం. టేపులో ఆ గొంతు పగిలే చోటు మనకే వినిపిస్తోంది, జ్ఞాపకానికి పక్కన ఒక సాక్షి ఉన్నాడు. కానీ వాక్యం మార్చాం: 'ఏడ్చాడు' అని మనం చెప్పకుండా, 'ఏడ్చాడని యంగ్ రాశాడు, చివరి అరనిమిషం వినండి' అని.

ఇబ్బందిగా ఉన్న భాగం

అదే నోట్సులో యంగ్, ఈ విద్యార్థుల చావు మీద తను సొమ్ము చేసుకోవడం విడ్డూరమని కూడా రాసుకున్నాడు. కెంట్ స్టేట్‌లో అప్పుడు చదువుతూ ఆ కాల్పులు చూసినవాడు, చనిపోయినవాళ్లలో ఇద్దరిని ఎరిగినవాడు జెరాల్డ్ కాసేల్, తర్వాత డీవో బ్యాండ్ పెట్టినవాళ్లలో ఒకడు. అతనికి అప్పట్లో ఈ పాట మీద మంచి అభిప్రాయం లేదు, డబ్బున్న గాయకులు మా దుఃఖం అమ్ముకుంటున్నారన్న కోపం. మావాడు ఇది వద్దన్నాడు, పాట మీద ప్రేమ పోతుందని భయం. నేను ఉంచాలన్నాను, అదీ చివర్లో కాదు. చివర్లో పెడితే బ్యాలెన్స్ కోసం అతికించినట్టు ఉంటుంది. 14వ స్థానం అన్న మాట రాగానే పెట్టాం. అంకె వినగానే డబ్బు గుర్తొస్తుంది, ఆ ప్రశ్న అడగాల్సింది అప్పుడే.

కెంట్ స్టేట్ కాల్పులైన 11 రోజులకి, మే 14 అర్ధరాత్రి దాటి మే 15 వచ్చాక, మిసిసిపీలోని జాక్సన్ స్టేట్ కాలేజీలో పోలీసులు కాల్చారు. ఇద్దరు నల్లజాతి కుర్రాళ్లు చనిపోయారు. ఆ కాలేజీ పేరు మీద ఇలా చార్టుకెక్కిన పాట లేదు. దీనికి 40 సెకన్లు ఇచ్చాం, వ్యాఖ్యానం లేకుండా.

'నలుగురు'

పల్లవిలో మళ్లీ మళ్లీ వచ్చేది ఒక అంకె, చనిపోయినవాళ్ల లెక్క. మావాడు 'నాలుగు మరణాలు' అని అనువదించాడు. పేపర్ హెడ్డింగులా ఉంది. ఇంగ్లీషులో నాలుగు అంటే మనుషులకైనా కుర్చీలకైనా ఒకటే మాట. తెలుగులో మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు మాట మారుతుంది, నాలుగు కాదు నలుగురు. ఈ ఒక్క చోట మన భాష ఆ పాటకంటే ఒక మాట ఎక్కువే చెబుతుంది, దాన్ని మనం చేతులారా పారేసుకుంటున్నాం అన్నాను. 'నలుగురు పోయారు, ఒహాయోలో' అయింది. ఆ తర్వాత పాటలో లేని పేర్లు మేం చదివాం: అలిసన్ క్రౌజ్, జెఫ్రీ మిల్లర్, శాండ్రా షాయర్, విలియం ష్రోడర్. నలుగురికీ 19, 20 ఏళ్లే.

నా దగ్గర ఆ తర్వాత మారినవి

గీత గీసిన షీటు ఇప్పుడు ప్రతి ప్రాజెక్టుకీ మొదటి రోజే తెరుస్తాను, రఫ్ కట్ తర్వాత కాదు. స్క్రిప్టులో 'మర్నాడే', 'వెంటనే', 'అప్పటికప్పుడు' కనబడితే పసుపు రంగు కొట్టి, దేని నుంచి లెక్క అని పక్కన రాస్తాను. క్లిప్పు విషయంలో టెస్ట్ చేసి చూద్దాం అనే మాట మానేశాను. రఫ్ కట్ వినే ముగ్గురిలో ఒకరు ఆ కాలం చూసినవాళ్లు ఉండేలా చూసుకుంటున్నాను, వాళ్ల జ్ఞాపకం కరెక్ట్ అని కాదు, వాళ్లు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుందని.

13 సెకన్లు

పేర్ల తర్వాత 13 సెకన్ల నిశ్శబ్దం పెట్టాలన్నది పూర్తిగా మావాడి ఆలోచన, ఈ ఎపిసోడ్‌లో అన్నిటికంటే మంచి ఆలోచన కూడా. కాల్పులు ఎంతసేపో అంతసేపు. నేను టైమ్‌లైన్‌లో 13 సెకన్లు ఖాళీ వదిలేశాను, ఎపిసోడ్ వెళ్లిపోయింది. రెండో రోజు మెసేజ్‌లు. కొందరు యాప్ హ్యాంగ్ అయిందనుకున్నారు. కొందరికి అసలు నిశ్శబ్దమే రాలేదు, పేర్లయిన వెంటనే థాంక్స్ చెప్పేస్తున్నాడు, మరీ అంత తొందరేంటి అని అడిగారు. కాసేపటికి వెలిగింది: చాలా యాప్‌లలో టైం ఆదా చెయ్యడానికి నిశ్శబ్దాన్ని కత్తిరించే ఆప్షన్ ఉంటుంది. శబ్దం ఒక స్థాయి కంటే తగ్గితే ఆ ముక్క ఎగిరిపోతుంది. పాపం యాప్‌కేం తెలుసు అది దేని ఖాళీయో.

దాంతో ఖాళీ తీసేసి గది చప్పుడు పెట్టాం. అల్మారాలో చొక్కాలు పీల్చేసి ఏమీ మిగల్చలేదు, అందుకని మా ఇంట్లో ముందు గదిలో ఫ్యాన్ రెండు మీద పెట్టి, మైకు టేబుల్ మీద ఉంచి, పక్క గదిలో కూర్చున్నాను. ఫ్యాన్ తిరిగే ప్రతి చుట్టుకీ ఒక చిన్న టిక్, దూరంగా ఒక స్కూటర్. దాన్ని కత్తెరకి దొరకని స్థాయికి కొంచెం లేపి, 13 సెకన్లకి కోసి పెట్టాం. ముందు ఒక వాక్యం కూడా చేర్చాం, కాల్పులు ఇంతసేపు జరిగాయి అని. హ్యాంగ్ అయిందనే మెసేజ్‌లు ఆగిపోయాయి.

కొత్త ఫైలు పెద్దాయనకి మళ్లీ పంపాను. తేదీల గురించి ఏమీ అనలేదు. "ఆ ఫ్యాను మీ ఇంట్లోదేనా బాబూ? చాలాసేపు తిరిగినట్టుంది" అన్నారు.